తప్పిన మాటకు ఖర్చెవరిది?
(ఎస్.ఆర్. శంకరన్ స్మారకోపన్యాసం)



ఐఏఎస్ అధికారి శంకరన్ గారి మీద మాట్లాడమన్నప్పుడు నిర్వాహకులు విషయం నాకే వదిలేశారు. ఆయన నిరాడంబరత గురించి ఇక్కడున్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. పద్మభూషణ్ వద్దన్న సంగతీ, త్రిపురలో ముఖ్యమంత్రి నృపేన్ చక్రవర్తి దగ్గర ప్రధాన కార్యదర్శిగా ఉన్న సంగతీ మీకు తెలిసినవే. పొగడ్తంటే ఆయనకు ఇబ్బంది. ఫైలంటే ఇష్టం. అందుకని ఈ సాయంత్రం ఫైలే విప్పుదాం.

మొదట ఒక పాత చట్టంలోని ఒకే ఒక్క వాక్యం. 1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా వచ్చి, 1976లో చట్టమైన వెట్టిచాకిరి నిర్మూలన చట్టంలో 15వ సెక్షన్ ఉంది. అప్పు కింద చాకిరీ చేసే జీతగాడు తన మీదున్న అప్పు వెట్టి అప్పని అంటే చాలు. కాదని రుజువు చేసుకోవలసిన భారం అప్పిచ్చినవాడిది. మామూలు న్యాయసూత్రం ఇందుకు తలకిందులుగా ఉంటుంది. అన్నవాడే రుజువు చేయాలంటుంది. అయితే పదేళ్లుగా దొర పశువులు కాస్తున్న మనిషి దగ్గర ఏం కాగితం ఉంటుంది? నోటు దొర పెట్టెలో ఉంటుంది, దాని మీద వేలిముద్ర మాత్రం ఇతనిది. చట్టం రాసినవాళ్లు ఈ సంగతి గుర్తించి, బరువును ఒక భుజం మీంచి తీసి ఇంకో భుజం మీద పెట్టారు. సాంఘిక సంక్షేమ శాఖలో శంకరన్ గారు జీతగాళ్ల విడుదల వెంట పడినప్పుడు ఆయన చేతిలో ఉన్న బలం ఈ చట్టమే.

పేదల కోసం అంటూ వచ్చే ఏ బిల్లునైనా నేను ఈ సెక్షన్ పక్కన పెట్టుకునే చదువుతాను. సాధారణంగా బిల్లును ముందు నుంచి చదువుతాం. ఉద్దేశాలు, లక్ష్యాలు, గౌరవప్రదమైన జీవనం, సమ్మిళిత వృద్ధి వంటివన్నీ మొదటి పేజీలోనే అయిపోతాయి. ఆ పేజీని వ్యతిరేకించినవాడెవడూ లేడు. నేను వెనక నుంచి మొదలుపెడతాను. ప్రభుత్వం తాను చెప్పింది చేయకపోతే ఏమవుతుంది? చేయలేదని ఎవరు రుజువు చేయాలి? చేయనందుకు ఎవరి జేబులోంచి డబ్బు పోతుంది? ఈ ప్రశ్నలకు జవాబు లేని బిల్లు ఎంత గొప్ప మాటలతో మొదలైనా సర్క్యులర్‌తో సమానం.

ఉపాధి హామీ చట్టం కథ మనకు బాగా తెలుసనుకుంటాం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని ప్రారంభించడం మనకు గుర్తుంది. ఊళ్లలో దాన్ని కరువు పని అంటారని తెలుసు. అంతకు ముందు పద్నాలుగు నెలల్లో ఆ బిల్లుకు ఏం జరిగిందో మాత్రం తక్కువమందికి గుర్తుంది. నాకు అసలు కథ అదే.

దీనికి మూలం మహారాష్ట్రలో ఉంది. 1972 నాటి భయంకరమైన కరువులో శాసనమండలి అధ్యక్షుడు వి.ఎస్. పాగే ఆలోచనతో అక్కడ ఉపాధి హామీ పథకం విస్తరించింది, 1977లో చట్టమైంది. పని అడిగిన ప్రతి వయోజనుడికీ పని ఇవ్వాలి. దానికి డబ్బెక్కడిది? పట్నాల్లో ఉద్యోగుల మీద, వృత్తిదారుల మీద వేసిన వృత్తిపన్ను. బొంబాయి గుమాస్తా జీతంలోంచి కోసిన పైసలు విదర్భ కంకర కుప్పల దగ్గరికి వెళ్లే దారిని చట్టాల్లోనే ఏర్పాటు చేశారు. ఆ తర్వాత వచ్చిన చాలా బిల్లులకు ఈ నిజాయితీ లేదు.

2004లో కేంద్రం ఏర్పాటు చేసిన జాతీయ సలహా మండలిలో సామాజిక కార్యకర్త అరుణా రాయ్, ఆర్థికవేత్త జాన్ ద్రెజ్ వంటివారు ఉన్నారు. ఆ ఏడాది ఆగస్టుకల్లా మండలి ఒక ముసాయిదా తయారుచేసింది. గ్రామాల్లో పని అడిగిన ఏ కుటుంబానికైనా ఏటా వంద రోజుల పని, కనీస వేతనం, ఒకసారి వచ్చిన హక్కు వెనక్కి పోకూడదు అన్నవి అందులోని ముఖ్యాంశాలు. మంత్రిత్వ శాఖల మధ్య తిరిగి తిరిగి 2004 డిసెంబర్ 21న లోక్‌సభలో ప్రవేశపెట్టేసరికి ఆ బిల్లు ఆనవాలు పట్టలేనంతగా చిక్కిపోయింది. పేరు అదే, వంద రోజులూ అవే. పోయినవన్నీ వెనక పేజీల్లో పోయాయి.

మొదటిది, ‘కుటుంబం’ ముందు ‘పేద’ అన్న మాట చేరింది. దారిద్య్రరేఖకు దిగువన ఉన్న కుటుంబాలకే హామీ అన్నమాట. వినడానికి న్యాయంగానే ఉంటుంది. పేదల చట్టం పేదలకే కదా! అయితే ఎవరు పేద అన్నది తేల్చేదెవరు? 2002 దారిద్య్రరేఖ సర్వేలో 13 ప్రశ్నలున్నాయి, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు, మొత్తం 52. ఒంటి మీదకు ఎన్ని బట్టలున్నాయన్నది కూడా అందులో ఒక ప్రశ్న. ఆ జాబితాలో పేరు ఎక్కించుకోవడానికి ఎవరి కాళ్లు పట్టుకోవాలో ఊళ్లో అందరికీ తెలుసు. జాబితాలో లేని మనిషి తాను పేదనని రుజువు చేసుకోవాలి. అంటే 15వ సెక్షన్ తీసిన బరువును ఈ ఒక్క విశేషణం మళ్లీ బలహీనుడి భుజం మీదే పెట్టింది. మే నెల ఎండలో గడ్డపార, తట్ట పట్టుకుని మట్టిపనికి వచ్చిన మనిషిని, నువ్వు పేదవాడివేనా, కార్డు చూపించు అనడంలో ఉన్న అసంబద్ధత ఢిల్లీలో బల్ల ముందు కూర్చుంటే కనిపించదు కాబోలు.

రెండోది, పథకం ఏ ప్రాంతంలో, ఎంత కాలం అమలు కావాలో కేంద్రం నోటిఫికేషన్‌తో నిర్ణయించవచ్చన్నారు. అంటే ఈ ఏడు ఉన్న హామీ వచ్చే ఏడు ఉండకపోవచ్చు. దేశమంతటికీ ఎప్పుడు విస్తరిస్తారో గడువే లేదు. హామీ ఇచ్చినవాడే ఎప్పుడంటే అప్పుడు స్విచ్ ఆర్పుకోగల హక్కును హక్కు అనలేం.

మూడోది వేతనం. కనీస వేతనాల చట్టంలో ఏమున్నప్పటికీ కేంద్రం వేరే రేటు నిర్ణయించవచ్చు అని రాశారు. దీని వెనక ఒక పాత తీర్పు ఉంది. 1983లో రాజస్థాన్ కరువు పనుల మీద వచ్చిన సంజిత్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది. కరువు పనే అయినా కనీస వేతనం కంటే తక్కువ ఇస్తే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే. దొర పెడితే వెట్టి, సర్కారు పెడితే సహాయం అని తేడా లేదన్నమాట. 2004 బిల్లులోని ‘ఏమున్నప్పటికీ’ ఆ తీర్పును పక్కదారిలో దాటబోయింది.

ఇక్కడి నుంచి పార్లమెంటు తన పని తాను చేసింది. బిల్లు గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘానికి వెళ్లింది. దాని అధ్యక్షుడు కల్యాణ్ సింగ్, అంటే అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న భారతీయ జనతా పార్టీ నాయకుడు. ఈ వివరం నేను ప్రతిచోటా చెబుతాను, ఎందుకంటే ఈనాటి వాతావరణంలో ఎవరూ నమ్మరు. ప్రభుత్వం తెచ్చిన బిల్లు చాలదు, ఇంకా విస్తరించండి అని ప్రతిపక్ష నాయకుడి సంఘం అడిగింది. 2005 మే నుంచి ఉపాధి హక్కు యాత్ర పలు రాష్ట్రాల గుండా బస్సులో సాగింది. కూలీలు సభలు పెట్టి మరీ బిల్లులోని క్లాజుల మీద మాట్లాడారు. వామపక్షాలు బయటి నుంచి మద్దతిస్తూనే ఒత్తిడి పెట్టాయి. చివరికి ప్రభుత్వమే సవరణలు తెచ్చింది. ఆగస్టు 23న లోక్‌సభ ఆమోదించిన చట్టంలో ‘పేద’ విశేషణం లేదు. హక్కు పని అడిగిన ప్రతి గ్రామీణ కుటుంబానిది. ఆర్పే స్విచ్ పోయింది. అయిదేళ్లలో దేశమంతటికీ విస్తరించాలన్న గడువు వచ్చింది. మొదట 200 జిల్లాలతో మొదలై 2008 ఏప్రిల్ 1 నాటికే అన్ని గ్రామీణ జిల్లాలకూ చేరింది.

వేతనం క్లాజు మాత్రం మిగిలిపోయింది. రేటు రోజుకు 60 రూపాయలకు తగ్గకూడదన్న పట్టీ ఒకటి చేర్చారంతే. మిగిలిపోయిన ఆ ముల్లు 2009 జనవరిలో గుచ్చుకుంది. కేంద్రం కనీస వేతనాలతో సంబంధం లేని రేటు నోటిఫై చేసింది. అదే ఏడాది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాన్ని నిలిపివేస్తూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. తర్వాత కర్ణాటక హైకోర్టూ కూలీల పక్షమే తీసుకుంది. కోర్టుల్లో ఏళ్లు గడిచాయి. 2005లో ఆ రెండు పంక్తులు తీసేసి ఉంటే ఈ ఖర్చంతా ఉండేది కాదు.

మరో లోపం కూడా చెప్పాలి. మహారాష్ట్ర చట్టం హక్కును మనిషికి ఇచ్చింది, కేంద్ర చట్టం కుటుంబానికి ఇచ్చింది. మొగుడు వదిలేసిన ఆడమనిషి, కొడుకుల ఇంట్లో ఉంటున్న విధవరాలు ఎవరి జాబ్ కార్డులో లెక్క? ఈ ప్రశ్న ఇరవై ఏళ్లుగా ఊళ్లో పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటు దయ మీదే నడిచింది.

కేంద్ర చట్టంలోనే నాకు బాగా నచ్చే ఏర్పాటు ఒకటి ఉంది. పని అడిగిన పదిహేను రోజుల్లో పని చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. మొదటి 30 రోజులు కూలిలో కనీసం నాలుగో వంతు, తర్వాత కనీసం సగం. నైపుణ్యం అక్కర్లేని పనికి కూలి డబ్బు మొత్తం కేంద్రానిది. భృతి మాత్రం రాష్ట్రానిది. లెక్క సులువు కావడానికి రోజు కూలి 300 రూపాయలు అనుకుందాం. రాష్ట్రం పని ఇస్తే కూలి కింద దానికి ఒక్క రూపాయి కూడా ఖర్చు లేదు, సామగ్రిలో నాలుగో వంతు తప్ప. ఇవ్వకపోతే 75 రూపాయలు సొంత ఖజానాలోంచి తీయాలి. పని ఎగ్గొట్టడం ఖరీదైన వ్యవహారం, పని పెట్టడం చవక. ఆ చట్టం ఎవరి మంచితనం మీదా ఆధారపడలేదు.

కాగితం మీద ఇది ఇంత చక్కగా ఉన్నా, భృతి అందుకున్న కూలీని వెతికి పట్టుకోవడం కష్టం. కారణం చిన్నది. పదిహేను రోజులు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి? దరఖాస్తు ఇచ్చిన తేదీ నుంచి. ఆ తేదీ వేసిన రసీదు ఎవరూ ఇవ్వరు. రసీదు ఇవ్వాలని చట్టం షెడ్యూల్‌లోనే ఉంది. అయినా పని చూసే మేట్‌కి నోటిమాటగా చెప్పడం, పని వచ్చినప్పుడు పిలుస్తాం అనిపించుకోవడం. రసీదు లేదంటే దరఖాస్తు లేనట్టే, దరఖాస్తు లేదంటే హక్కు లేనట్టే. రుజువు భారం మళ్లీ కూలి మనిషి మీదికే జారింది. బిల్లు రాసేటప్పుడు, రసీదు చూపలేకపోతే కూలి చెప్పిన తేదీనే సరైనదిగా భావించాలి అని ఒక్క వాక్యం పెట్టి ఉంటే, 1976 చట్టం బుద్ధి ఇందులోకీ వచ్చేది.

ఆలస్యమైన కూలి సంగతీ ఇంతే. పక్షం రోజుల్లో కూలి ఇవ్వాలి. దాటితే రోజుకు 0.05 శాతం పరిహారం. 300 రూపాయల మీద రోజుకు పదిహేను పైసలు! పదిహేను పైసల నాణెం మన దేశంలో ఎప్పుడూ లేదు. పైగా మండలంలో కూలి బిల్లు తయారయ్యేదాకా జరిగిన ఆలస్యానికే లెక్క కట్టారు. అక్కడి నుంచి ఢిల్లీలో డబ్బు విడుదలయ్యేదాకా గడిచిన రోజులు ఎవరి ఖాతాలోనూ పడలేదు. 2018లో స్వరాజ్ అభియాన్ కేసులో సుప్రీంకోర్టు ఆ రోజులకూ పరిహారం ఇవ్వాల్సిందేనని చెప్పవలసి వచ్చింది. కింది ఉద్యోగి ఆలస్యానికి శిక్ష, పై ప్రభుత్వం ఆలస్యానికి మినహాయింపు! నిబంధన ఎవరు రాశారో దీన్నిబట్టే తెలుస్తుంది.

మన తెలుగువాళ్లు ఉపాధి హామీ చట్టాన్ని ఒకచోట నిజంగా పైకి లేపారు. 17వ సెక్షన్ గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలంది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1990లలో జరిపిన బహిరంగ విచారణల నుంచి వచ్చిన ఆలోచన అది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని ప్రభుత్వ యంత్రాంగంలో భాగం చేశారు. కూలి కుటుంబాల యువతే హాజరు మస్టర్ల నకళ్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. నీ పేరు మీద ఇన్ని రోజులు రాశారు, నిజంగా చేశావా అని అడిగారు. మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి, అధికారుల ముందే చదివారు. 2009లో దీనికోసం వేరే సంస్థ ఏర్పడింది. 2011లో కేంద్రం తెచ్చిన తనిఖీ నిబంధనలకు మన అనుభవమే నమూనా. వసూళ్లలో మాత్రం మనమూ వెనకబడ్డాం. బయటపడిన సొమ్ము పెద్దది, తిరిగొచ్చింది చిన్నది. చట్టం 25వ సెక్షన్‌లో జరిమానా వెయ్యి రూపాయలకు మించదని ఉంటే ఇంకేమవుతుంది?

ఆహార భద్రత బిల్లునూ ఇదే కళ్లద్దాలతో చూడొచ్చు. 2011 బిల్లులో ‘ప్రాధాన్య’, ‘సాధారణ’ అని రెండు తరగతులు ఉండేవి. స్థాయీ సంఘం ఆ విభజన వద్దంది. 2013 చట్టంలో మనిషికి అయిదు కిలోలు అన్న కొలత వచ్చింది. అది మెరుగే. అదే చట్టం 4వ సెక్షన్‌లో గర్భిణికి ఆరు వేలకు తగ్గకుండా ప్రయోజనం ఇవ్వాలని ఉంది. వాక్యం మొదట్లో మాత్రం ‘కేంద్రం రూపొందించే పథకాలకు లోబడి’ అని ఉంది. ఆ లోబడడమే కొంప ముంచింది. 2017లో వచ్చిన పథకం మొదటి కాన్పుకే, అది కూడా అయిదు వేలే ఇచ్చింది. చట్టం చేత్తో ఇచ్చిన వెయ్యి రూపాయలను, రెండో బిడ్డను పథకం గోటితో గీకేసింది.

శంకరన్ గారు పాదు వేసిన దళిత ప్రత్యేక ప్రణాళిక ఆలోచన 2013లో మన ఉమ్మడి రాష్ట్రంలో ఉప ప్రణాళిక చట్టమైంది. అందులోనూ పదేళ్ల ఆయుష్షు రాసిపెట్టారు. 2023 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సుతో పొడిగించింది కాబట్టి సరిపోయింది. స్విచ్ అంటే ఇదే.

ఇక ఇప్పటి మాట. 2025 డిసెంబర్ 16న పాత ఉపాధి హామీ స్థానంలో వికసిత్ భారత్ - గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్ (గ్రామీణ్) బిల్లు లోక్‌సభలోకి వచ్చింది. 18న ఆ సభ, ఆ అర్ధరాత్రి దాటాక రాజ్యసభ ఆమోదించాయి. 21న రాష్ట్రపతి సంతకం. 2004 బిల్లు ఎనిమిది నెలలు జనం నోళ్లలో నలిగింది, ఇది వారం కూడా నలగలేదు. స్థాయీ సంఘానికి పంపమంటే పంపలేదు. ఇది ఈ ఒక్క బిల్లు సంగతి కాదు. 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు సంఘాలకు వెళ్తే, 17వ లోక్‌సభలో 16 శాతమే వెళ్లాయి. ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలన్న విధానం 2014 నుంచి ఉంది. అదీ విధానమే, చట్టం కాదు. ఉల్లంఘిస్తే ఎవరికీ ఏమీ కాదు.

కొత్త చట్టంలో వంద రోజులు 125 అయ్యాయి. ఆ అంకెను నేను తక్కువ చేయను. విత్తనం, కోత కాలాల్లో కలిపి 60 రోజులు పనులు ఆపే ఏర్పాటుంది. నాట్లప్పుడు కూలీలు దొరకడం లేదన్న రైతుల ఫిర్యాదు అబద్ధం కాదు. కాకపోతే మన రెండు రాష్ట్రాల్లో కరువు పని ఎక్కువగా వేసవిలోనే జరుగుతుంది. కోతలకు యంత్రాలు దిగిన ఊళ్లో ఎవరూ కూలికి పిలవని ముసలావిడకు ఆ 60 రోజులు ఎలా గడుస్తాయో బిల్లు రాసినవాళ్లను అడిగేందుకు స్థాయీ సంఘం ముందు ఆమెకు అవకాశం రాలేదు.

నా అసలు అభ్యంతరం వెనక పేజీల్లో ఉంది. ఇప్పుడు ఖర్చులో కేంద్రానిది 60, మన వంటి రాష్ట్రాలది 40. రాష్ట్రానికి ఇంత అని కేంద్రం ముందే కేటాయిస్తుంది. అది దాటితే మొత్తం రాష్ట్రమే భరించాలి. పాత భృతి రేటుతోనే లెక్క వేద్దాం. 300 రూపాయల కూలికి పని ఇస్తే రాష్ట్రానికి 120 ఖర్చు. ఇవ్వకుండా భృతి పడేస్తే మొదటి నెల 75. అంటే పని ఎగ్గొట్టిన ప్రతి రోజుకూ రాష్ట్రానికి 45 రూపాయలు ఆదా. కేటాయింపు దాటాక పని ఇస్తే 300, ఎగ్గొడితే 75 నుంచి 150. పాత చట్టంలో ఎగ్గొట్టడం నష్టం, కొత్తదానిలో లాభం. 125 అన్న అంకె మొదటి పేజీలో ఉంది, ఈ లెక్క మాత్రం ఎవరూ చదవని చోట ఉంది. స్థాయీ సంఘం ముందు ఏ జిల్లా కూలి సంఘమైనా వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలిగిన సంగతి ఇది.

ఢిల్లీలో సంతకం అయిపోయినంత మాత్రాన పని అయిపోలేదు. రాష్ట్రాలు తమ పథకాలను, నిబంధనలను రాసుకోవాలి. పాత చట్టం భృతికి అడుగు గీత గీసింది గానీ పై గీత గీయలేదు. ఇంతకంటే తక్కువ ఇవ్వొద్దంది, ఎక్కువ ఇవ్వొద్దని ఎక్కడా అనలేదు. రాష్ట్రం తన నిబంధనల్లో భృతిని మొదటి రోజు నుంచే కూలిలో సగం చేస్తే, కేటాయింపు లోపల పని ఇవ్వడం 120, ఎగ్గొట్టడం 150. తూకం మళ్లీ సరవుతుంది. దరఖాస్తు ఫోన్ నుంచి పంపినా, గ్రామసభలో చేతికిచ్చినా తేదీతో సంఖ్య వెంటనే రావాలి. రాకపోతే కూలి చెప్పిన తేదీనే ఖాయం అనాలి. పదహారో రోజున భృతి లెక్క ఎవరూ అడగకుండానే మొదలవ్వాలి. ఒంటరి ఆడమనిషికి ప్రత్యేక కార్డు అడిగిన రోజే ఇవ్వాలి. వీటిలో ఏదీ పార్లమెంటు దాకా వెళ్లక్కర్లేదు. అమరావతిలో, హైదరాబాద్‌లో పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖల్లో ఒక్క ఫైలు కదిలితే చాలు. ఆ ముసాయిదా బయటపెట్టండి, 30 రోజులు గడువివ్వండి, తెలుగులో ఇవ్వండి అని రేపే రాయాలి. ఇంగ్లీషులో వస్తే తెలుగు చేసిపెట్టడానికి నేనూ, ఈ సభలో ఉన్న లాయర్లూ సిద్ధం. ఒక్కో క్లాజు మీద ఏం రాయాలో మాత్రం కూలి సంఘాల నుంచి వచ్చి ముందు వరసలో కూర్చున్న మీరే చెప్పాలి.